కిటికీలో లేని మనిషి

సుత్తులు ఇంకా మొదలు కాలేదు. సాయంత్రపు అసర్ నమాజు అయి ఎంతసేపయిందో, ఎండ కిటికీ జాలీలోంచి దిగి చాప మీద పాకి నిద్రపోతున్న తాజో పాదాల దాకా వచ్చింది, అయినా కంచర వీధిలో ఒక్క సుత్తీ లేవలేదంటే కింద ఇంకా ఆ బొమ్మ గొడవే నడుస్తోందన్నమాట. పెళ్ళయి వచ్చిన ఈ నాలుగేళ్ళలో పెషావరులోని ఈ వీధి సర్వర్ జాన్‌కి చెవులకే తెలుసు గాని కళ్ళకి తెలియదు. బావగారు మీర్ అహ్మద్ లాలా సుత్తి బరువుగా ఆగి ఆగి పడుతుంది, మొగుడు జీలానీది వడగళ్ళలా గబగబా పడుతుంది, ఎవరు బిందె అడుగు మోగిస్తున్నారో ఎవరు పళ్ళెం అంచు సాగగొడుతున్నారో పడుకున్న చోటినుంచే చెప్పగలదు. ఇవాళ మధ్యాహ్నం ఆ సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగినప్పుడు ఎవరో పోయారనుకుంది, శవం వెళ్తుంటే తప్ప అలా ఆగవు గనక. ఎవరూ పోలేదు, పోతున్నది తనేనని రహ్మతీ మాసీ వచ్చి చెప్పేదాకా తెలియలేదు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ ఇచ్చే లోపల జీలానీ ఒక్క మాట అనాలి, లాలా పెట్టిన గడువు అది. అంటే ఈ రాత్రి తాజో పక్కన ఇదే చాప మీద పడుకుంటుంది. అనకపోతే డోలీ వస్తుంది, డోలీ తనని గంజ్ దర్వాజా దగ్గర అన్నయ్య ఇంటికి మోసుకుపోతుంది, తాజో ఇక్కడే తోడికోడలి దగ్గర ఉండిపోతుంది. గంజ్ దర్వాజా పావుగంట నడకట, మూడేళ్ళ తాజోకి విలాయత్ ఎంతో అదీ అంతే. తల్లి చున్నీ కొంగు పిడికిట్లో లేకపోతే నిద్రపోదు ఆ పిల్ల, ఇప్పుడూ పట్టుకునే పడుకుంది, కొంగు చివర ఉమ్మితో తడిసి బిరుసెక్కింది.

అంతా ఆ దొర చేతి చలవ. రెండు రోజులుగా ఎదురుగా నజఫ్ కహ్వా టీకొట్టు పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు, కాబూలు మీదికి పోయే పటాలంతో వచ్చాడట, విలాయత్‌లో అచ్చయ్యే పత్రికకి యుద్ధం బొమ్మలు గీసి పంపటం ఆయన ఉద్యోగమట, యుద్ధం ఇంకా మొదలవక చేతులు ఊరుకోక వీధులు గీస్తున్నాడట. ఇదంతా నజఫ్ గొంతు చించుకుని వచ్చేపోయేవాళ్ళకి చెప్తుంటే విన్నది. మొదటిరోజు పొద్దున్నే జీలానీ పైకొచ్చి, "ఆ దొర లేచి వెళ్ళేదాకా కిటికీ ఛాయలకి పోకు" అన్నాడు, పోలేదు. కిటికీకి వీపు పెట్టి కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరింది. సరే, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గడియ తియ్యకుండా జాలీ కన్నానికి కన్ను ఆనించింది, అబద్ధమెందుకు. తెల్లటోపీ ఒకటి కనపడింది, దాని పక్కన గాజు గ్లాసులో నీళ్ళు కనపడ్డాయి, ఆ నీళ్ళలో కుంచె ముంచినప్పుడల్లా రంగు మారుతున్నాయి, ఇటుకరంగు, తర్వాత పాచిరంగు, తర్వాత బురద. భలేగా ఉందే అనుకుని కన్ను తీసేసింది. ఆ జాలీ కన్నం తాజో చిటికెనవేలు పట్టేంత ఉండదు, అందులోంచి తను కనపడటం కల్ల. కాని రహ్మతీ చెప్పినప్పటినుంచీ ఆ ఒక్క చూపే గుచ్చుతోంది, చూడటం కూడా తప్పేనా, కనపడితేనే తప్పా, అల్లా దగ్గర రెండూ ఒకే కాటాలో తూస్తారా అని. గ్లాసులో నీళ్ళు చూసినందుకు కూతుర్ని లాక్కుంటారా?

మధ్యాహ్నం బొమ్మ అయిపోయిందని దొరగారి మున్షీ దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. వీధంతా మూగింది. ఆ కేరింతలు తనూ విన్నది, నవ్వుకుంది కూడా, సిగ్గు లేకపోతే సరి. నజఫ్ ఊడిన పన్ను ఉన్నది ఉన్నట్టు దిగిందట, మంగలి మెల్లకన్ను దిగిందట, కుంటికుక్క ఏ కాలు ఎత్తి నడుస్తుందో ఆ కాలే ఎత్తిందట, లాలా కొట్టు ముందు వేలాడే పన్నెండు చెంబులూ పన్నెండుగానే ఉన్నాయట. "సొట్టపడ్డ చెంబు కూడా ఉందిరో, లాలా ఇక దాన్ని కొత్తదని అమ్మలేడు!" అని ఎవడో అన్నాడు, వీధి విరగబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే నజఫ్, ఆ నోరు పడిపోను, "ఒరే జీలానీ, మీ కిటికీలో ఈ ఎర్రచున్నీ ఎవర్రా?" అన్నాడు. నవ్వు కోసేసినట్టు ఆగింది. సుత్తులు అంతకుముందే ఆగి ఉన్నాయి. తర్వాత మున్షీ గొంతు, చదువుకున్నవాడి మెత్తటి గొంతు, "అబ్బే, అక్కడెవరూ లేరండీ. కిటికీ ఖాళీగా ఉంది గదా అని దొరగారే ఒక ఆడమనిషిని పెట్టారు. వాళ్ళ దేశంలో జనం ఖాళీ కిటికీని చూడరట." దానికి వీధి ఇంకోరకంగా నవ్వింది. చెంబుకి సొట్టతో సహా చూసి గీసినవాడు, లేని మనిషిని గీస్తాడా? కంచరపనివాళ్ళు నమ్మే మాటేనా అది? ముందర నమూనా లేనిదే చెంచా కూడా సాగగొట్టని మనుషులు. కుక్క నిజం, పన్ను నిజం, మెల్లకన్ను నిజం, మరి కిటికీలో మనిషి ఒక్కతీ అబద్ధం ఎలా అవుతుంది? పైగా మనిషి అందంగా ఉందట, చందమామ తునక లాంటి నున్నటి మొహమట. అదీ అసలు కొంప ముంచింది.

ఎందుకంటే జీలానీ పెళ్ళాం చందమామ తునక అని వీధికి నాలుగేళ్ళుగా తెలుసు. ఎవరూ చూసింది లేదు, చూసే వీలూ లేదు, బావగారి ఎదుట కూడా నాలుగేళ్ళలో ఒక్కనాడు ముసుగు తీసి ఎరగదు. కాని తెలుసు. మొదలుపెట్టింది రహ్మతీ మాసీయే, మంగలి పెళ్ళాం, ఈ సంబంధం తెచ్చిందీ ఆవిడే, సంబంధాలు తెచ్చేవాళ్ళు అన్నీ గోరంతలు కొండంతలు చేస్తారు గదా, "మీ వాడికి వెలుగు తెస్తున్నానమ్మా, దీపం అక్కర్లేదు" అని ఊరంతా చాటింది. ఏడేళ్ళప్పుడు మశూచి వచ్చి పోయిన మొహం ఇది. నుదుటినుంచి గడ్డం దాకా, వేలు పెడితే ఆగేంత లోతు గుంటలు, ఎడమ బుగ్గ మీదయితే ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మొదటిరాత్రి జీలానీ ముసుగెత్తి చూసి, మళ్ళీ దించేశాడు. తర్వాత, "దీపం ఆర్పెయ్" అన్నాడు. ఆర్పేసింది. ఆ చీకట్లో వెనక్కి పంపేస్తాడేమోనని తెల్లవార్లూ మేలుకునే ఉంది. పంపలేదు. మంచివాడే, కాడని ఎవరంటారు, ఒకరిని ఒక మాట అనడు, అన్నగారి ముందు నోట్లో నాలుక ఉండదు. పెళ్ళయ్యాక మొదటి శీతాకాలం కాబోలు, తాజో కడుపులో ఉంది, కొట్టునుంచి ఒక కటోరా తెచ్చి చేతికిచ్చాడు, ఒళ్ళంతా సుత్తి మొన దెబ్బలతో చిన్నచిన్న గుంటలు తేలిన రాగి కటోరా. దీపం దగ్గరికి పట్టుకుని తిప్పి చూపిస్తూ, "నున్నటి రాగి మెరవదు, తెలుసా, ఒకచోటే తళుక్కుమంటుంది అంతే. ఇది చూడు, గుంట గుంటలోనూ దీపమే" అన్నాడు. ఆ తర్వాత బొటనవేలితో ఈ ఎడమ బుగ్గే తడిమాడు. దీపం ఆర్పమనలేదు ఆ రాత్రి. ఆ కటోరా అదుగో గూట్లో ఉంది, తాజో పాలు అందులోనే తాగుతుంది. ఆ ఒక్క రాత్రి కోసం ఈ మనిషికి ఏమైనా చెయ్యొచ్చనుకుంది, ప్రాణం పెట్టింది, ఇప్పటికీ ఉంది ఆ ప్రేమ, ఎక్కడికి పోతుంది.

అందుకే అతనికి తెలుసు. ఈ వీధి మగవాళ్ళలో ఎవరికైనా తెలిసిందంటే అతనికే తెలుసు, వేళ్ళకి కూడా తెలుసు, ఆ బొమ్మలో మొహం తనది కాదని. ఒక్క మాట చాలు. మా ఇంట్లోవాళ్ళ మొహం మీద మశూచి మచ్చలున్నాయి, ఇది కాదు. అంతే, లాలా తల దించుకుంటాడు, నజఫ్ చెంపలేసుకుంటాడు, సుత్తులు మొదలవుతాయి. కాని బజారులో నిలబడి మగవాడు తన ఇంటి ఆడదాని మొహం ఎలా ఉంటుందో చెప్పటమా? పేరే పలకరు వీళ్ళు. చెప్పినవాడికి మొహం ఎక్కడ చెల్లుతుంది? పోనీ తనే దిగి వెళ్ళి చూపిస్తే? చూడండయ్యా, ఈ మొహమా అది? మొహం చూపించలేదని తేలాలంటే మొహం చూపించాలి, చూపించాక చూపించలేదని ఎవడు ఒప్పుకుంటాడు. ఏమి చిక్కు ఇది, దొంగతనం చెయ్యలేదని చెప్పటానికి దొంగతనం చేసి చూపించమన్నట్టు. ఎండ తాజో మోకాళ్ళ దాకా వచ్చింది. ఇంకా పొద్దుంది. అంటాడు. ఎవరికీ వినపడకుండా లాలా చెవిలో అయినా అంటాడు.

డాబా తలుపు చప్పుడయింది. రహ్మతీ మాసీ. మధ్యాహ్నం వార్త మోసుకొచ్చినావిడే మళ్ళీ డాబాల మీదుగా వచ్చింది, రొప్పుతోంది, చెప్పులు చేతిలో పట్టుకుంది.

"పిల్లా, తుడిపించేశాడే మీ ఆయన."

"ఏం తుడిపించాడు మాసీ?"

"బొమ్మలో మనిషిని. మున్షీ గడ్డం పట్టుకుని బతిమాలాడు. ఆ దొర నవ్వి, గ్లాసులో కుంచె ముంచి, నీళ్ళతో రుద్ది, గుడ్డతో అద్దేశాడు. ఎరుపు పూర్తిగా పోలేదనుకో. కిటికీలో గులాబీ మరక మిగిలింది."

"అది నేను కాదని అనలేదా?"

"అదేగా నా ఏడుపు! నోరు తెరిస్తేనా? బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. నీది కాకపోతే తుడిపించటం దేనికిరా అని నజఫ్‌గాడు అననే అన్నాడు. లాలా అప్పుడే డోలీకి మనిషిని పంపాడు."

"నువ్వు చెప్పొచ్చుగా మాసీ. నీకు తెలుసుగా నా మొహం. తోడికోడలికీ తెలుసు గాని లాలా ముందు నోరెత్తదు."

రహ్మతీ చెప్పులు కింద పెట్టింది, మళ్ళీ తీసుకుంది. "నేను చెప్తే నాలుగేళ్ళ కిందట అబద్ధమాడానని నేనే ఒప్పుకున్నట్టు కాదూ? నా చేతిలో ఇప్పుడు మూడు సంబంధాలున్నాయి బిడ్డా. నన్ను చంపకు" అని గబగబా వెళ్ళిపోయింది, డాబా మెట్ల మీద ఆవిడ ఉత్తకాళ్ళ చప్పుడు దూరమైంది.

తుడిపించేశాడు. ఎర్ర చున్నీ తనకి లేనే లేదు, ఉన్నది ఈ నల్లదీ, పెళ్ళినాటి ఆకుపచ్చదీ, పెట్టె మూత తీసి చూపించినా చాలు, ఎవరు చూస్తారు. లేని మనిషిని తుడిపించి, ఉందని వీధిచేత ఒప్పించాడు. నీళ్ళతో పోయే మనిషి అది, దాని పనే హాయి, ఒక్క గుడ్డతో అద్దితే పోయింది, విలాయత్ పత్రికలో మరకగా మిగిలినా దాన్ని ఎవరూ ఏమీ అనరు. ఎలా ఉండేదో ఆ మనిషి. ముక్కుకి నత్తు పెట్టాడో లేదో. కిటికీ మీద చెయ్యి వేసి నిలబడ్డదట, రెక్కలు బార్లా తెరుచుకుని, వీధి వంక చూస్తూ, హాయిగా. ఆ హాయికి ఒక్క క్షణం దాని మీద అసూయ కలిగింది, ఒళ్ళు మండింది, తర్వాత ఏడుపొచ్చింది. తాజో కదిలింది. ఏడుపు మింగేసింది. మెట్ల మీద అడుగులు, ఈ అడుగులు ఎన్ని వేలసార్లు విన్నదో, నాలుగో మెట్టు దగ్గర ఎప్పుడూ కాస్త ఆగుతాయి, ఇవాళ గుమ్మం బయటే ఆగిపోయాయి.

"తుడిపించేశాను" అన్నాడు జీలానీ బయటినుంచే. మంచి వార్త తెచ్చినవాడి గొంతు అది, దేవుడా, ఆ గొంతులో ఆశ ఉంది.

"ఎవర్ని?"

బయట తలుపు గొలుసు ఒకసారి గలగలమని ఆగింది.

"తాజో అబ్బాజాన్, ఇంకా అజాన్ కాలేదు. మచ్చలున్నాయని చెప్పండి. లాలాకి ఒక్కడికే చెప్పండి."

"బజారులో ఇంటిమనిషి మొహం గురించి నోరెలా తెరవను?"

"బజారంతా తెరిచిందిగా."

"వాళ్ళు అనేది..." అని ఆగాడు. గోడకి వీపు రాసుకున్న చప్పుడయింది. "వాళ్ళు అనేది చందమామ గురించి. నాలుగేళ్ళుగా ఈ వీధిలో ప్రతివాడూ నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు, సర్వర్. నాకు వేరే ఏముంది? కొట్టు లాలాది. ఇల్లు లాలాది."

పేరు పెట్టి పిలిచాడు. అంత బాధలోనూ అది చెవికి తియ్యగా తగిలింది, ఆ తర్వాతే మాటల అర్థం దిగింది, మెల్లగా, చన్నీళ్ళు వీపున దిగినట్టు. నిందపడ్డ అందగత్తె మొగుడిగా తలదించుకుని అయినా బతకగలడు, మచ్చలమొహం దాని మొగుడని నవ్వితే బతకలేడు. గుంట గుంటలోనూ దీపమే అన్నవాడు. ఇంకా ఏదో అందామనుకుంది, తాజో పేరు ఎత్తుదామనుకుంది, కాళ్ళు పట్టుకుందామనుకుంది, ఇంతలో అజాన్ మొదలైంది. "వెళ్ళాలి" అన్నాడు. అడుగులు దిగిపోయాయి, నాలుగో మెట్టు దగ్గర ఆగలేదు.

మసీదు చిన్నది, అరుగు నిండితే వరసలు వీధిలోకి వస్తాయి, సరిగ్గా ఈ కిటికీ కిందికే, ఆ రాపిడీ ఆ దగ్గులూ తనకి ప్రతి సాయంత్రం అలవాటే. డోలీ కూడా వచ్చి వీధి మలుపులో దిగింది, కర్ర నేలకి ఆనిన చప్పుడు విన్నది. పిల్లవి రెండు అంగీలు మడిచి పెట్టాలి. కటోరా గూట్లోంచి కింద పెట్టాలి, తోడికోడలికి తెలియదు, పాలు వేరే దాంట్లో పోస్తే తాజో నేలకేసి కొడుతుంది. తల్లీ, రేపటినుంచి ఏ కొంగు పట్టుకుంటావే. నమాజులో మొదటి రకాతు అయింది. రెండోది. చున్నీ కొంగు వదిలించటానికి తాజో వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది, చిటికెనవేలు ఆఖరిది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. భయం లేదు. భయపడటానికి ఇంకేం మిగిల్చారు గనక. నాలుగేళ్ళుగా తియ్యని గడియ తుప్పు పట్టింది, రెండు చేతులా లాగింది, ఊడివచ్చి బొటనవేలు గీరుకుంది. చున్నీ తలమీంచి భుజాల మీదికి తోసేసింది. ఆఖరిదైన మూడో రకాతు సజ్దాలో వీధంతా నేలకి నుదురు ఆనించి ఉండగా కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, రెండు చేతులూ చట్రం మీద వేసి నిలబడింది.

ఇంతేనా వీధి. చప్పుళ్ళని బట్టి ఎంతో పెద్దదనుకుంది, నాలుగు బారలు లేదు. నజఫ్ కొట్టు ముందు దొర పీట కాళ్ళు దిగిన మూడు గుంటలు, ఎర్రనీళ్ళు పారబోసిన తడి. చెంబులు నిజంగానే పన్నెండు. కింద వరసలుగా వీపులు, ఆ వీపుల్లో ఒకటి జీలానీది, కొలిమి నిప్పు పడి కాలిన చేతుల్లేని కోటు సద్రీకి తనే నీలం దారంతో మాటు వేసింది, పైనుంచి చూస్తే కుట్టు వంకర పోయింది. చల్లగాలి మొహానికి తగిలింది, ఒక్కొక్క గుంటలోనూ తగిలింది. చూడండి, పోలిక ఉందేమో చూడండి. సజ్దాలోంచి లేచారు, కూర్చున్నారు. పెదవులు కదులుతున్నాయి. నమాజు ముగిస్తూ కుడివైపు సలాం, అన్ని తలలూ అటు తిరిగాయి. ఎడమవైపు సలాం, అన్ని తలలూ ఇటు, ఇంటివైపు తిరిగాయి, రెక్క కీచుమన్నందుకేమో కళ్ళు పైకి లేచాయి.

"పైన ఎవర్రా అది?" అన్నాడు నజఫ్.

"ఎవరో పనిమనిషి" అన్నాడు పక్కవాడు. "మొహం చూడు, జల్లెడలా ఉంది."

"పాపం జీలానీ! చందమామని పంపేసి దీన్నా చూసుకుంటూ కూర్చునేది?"

ఎవరో నవ్వు ఆపుకున్నారు. లాలా ఒకసారి చూసి, పరాయి ఆడమనిషని మర్యాదగా చూపు దించేసుకున్నాడు. "పనిమనిషిని ఎప్పుడు పెట్టావురా?"

జీలానీ చూశాడు. నేరుగా చూశాడు, నుదురూ, ఎడమ బుగ్గా, గడ్డమూ అన్నీ. పెదవులు తెరుచుకున్నాయి. ఇప్పుడు అంటాడు, ఇంతసేపటికి, అల్లా, ఇప్పుడు అంటాడు.

"ఇవాళే, లాలా" అన్నాడు. "పిల్లని చూసుకోవటానికి."

జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. దూరంగా ఎవడో పని మొదలుపెట్టాడు, సుత్తి మోగింది, దానికి ఇంకోటి కలిసింది. డోలీ మోసేవాడొకడు కిటికీ కిందికి వచ్చి, తల వెనక్కి వాల్చి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని కేకేశాడు.

"ఓ మాయీ! చీకటి పడుతోంది, మీ అమ్మగారిని కాస్త తొందరగా దిగమను!"

సర్వర్ జాన్ వెనక్కి తిరిగి చాప వంక చూసింది. తాజో ఖాళీ పిడికిలి బిగించి నిద్రపోతూనే ఉంది.

"వస్తున్నారు" అని చెప్పి, కిటికీ మూసి, బుర్ఖా అందుకుంది.